కొడుకు మీద ఆధారం

జనాభా లెక్కల పంతులు మా అత్త పేరు పక్కన "కొడుకు మీద ఆధారం" అని రాసిన రోజుకు నాకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత ఎన్నో లెక్కలు వచ్చాయి, పోయాయి. ఆ మూడు మాటలు తలుచుకుంటే మాత్రం ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

ముందు మా అత్త ఎలాంటి మనిషో చెప్పాలి. గద్వాలలో మాది చీరలు నేసే ఇల్లు. మా మామ జ్వరంతో చనిపోయేనాటికి మా ఆయన ఇంకా ఉయ్యాలలో ఉన్నాడట. మగ్గం విప్పి అటక మీద పెట్టమని చుట్టాలు చెప్పారు. ఆడది మగ్గం గుంటలో దిగడమేమిటని నోళ్లు నొక్కుకున్నారు. ఆమె ఎవరి మాటా వినలేదు. మగ్గం పక్కనే ఉయ్యాల కట్టి, గుంటలో కాళ్లు దించి కూర్చుంది. మా ఆయనకు నేత నేర్పింది ఆమే. నేను కాపురానికి వచ్చేసరికి చూపు కొంచెం తగ్గి మగ్గం కొడుకుకు అప్పగించింది కానీ, తక్కిన పనంతా ఆమె చేతిలోనే ఉండేది. నూలు తోడేది. నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేది. తెల్లవారగానే వీధిలో పడుగు చాచి గంజి పట్టించేది. పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులను, చూపుతో పని లేకుండా వేళ్లతోనే, ఒక్కొక్కటే దానికి అతికేది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగుకు పోగు మెలివేస్తూ నేయాలి. దానికి మగ్గం అవతలి వైపు ఇంకో మనిషి కూర్చుని అంచు పోగును మోసే నాడెను అందుకోవాలి, తిరిగి పంపాలి. మా ఇంట్లో ఆ రెండో మనిషి మా అత్తే.

అది పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. ఒక ఉదయం వీధిలో తప్పెట మోగింది. "మర్దుంషుమారి వస్తున్నదహో! మన్షుల లెక్క! ఎవ్వరు దాసొద్దు, ఎవ్వరు తప్పిచ్చుకోవద్దు!" అని చాటింపు వేశారు. మర్నాడు తాలూకా కచేరి నుంచి ఒక అధికారి వచ్చి మా వీధి మలుపులో బల్ల వేయించుకుని కూర్చున్నాడు. మగవాళ్లందరూ చుట్టూ చేరారు. మేము తలుపుల వెనక నిలబడి విన్నాము.

"ఈ లెక్కలో పెద్దింటి వాళ్లకు ఒక గీత, కూలివాళ్లకు ఇంకో గీత అని లేదు. పుట్టిన పసికందు నుంచి మంచంలో ఉన్న ముసలమ్మ దాకా అందరూ రావాలి. ఎవరేం పని చేస్తున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు నిజం చెప్తే మేము నిజం రాస్తాము" అన్నాడతను.

ఆ చివరి మాట నాకు ఎంతో నచ్చింది. ఇంట్లోకి వచ్చి అత్తకు మళ్లీ చెప్పాను కూడా.

కానీ మాటలు నచ్చినంత మాత్రాన తలుపులు తెరుచుకోలేదు. లెక్క రాసే పని ఊరి బడి పంతులుకు అప్పగించారు. ఆయన రెండు రోజులు మా వీధిలో తిరిగాడు. ఏ ఇంటి ముందు నిలబడినా లోపలి నుంచి "మొగోళ్లు ఇంట్ల లేరు" అనే జవాబే. మగవాళ్ల పేర్లు రాస్తే యుద్ధానికి ఫౌజులోకి పట్టుకుపోతారని ఒక పుకారు. పిల్లల్ని లెక్కపెడితే దిష్టి తగులుతుందని భయం. దానికి తోడు పరాయి మగవాడి ముందు పేరు చెప్పాలంటే సిగ్గు. మొగుడి పేరైతే అసలే పలకరు.

ఈ వీధిలో చదువు వచ్చిన కోడలు ఒకామె ఉందని ఎవరో కచేరిలో చెప్పారు. వనపర్తిలో మా మేనమామ దగ్గర నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆ అధికారే మా ఇంటికి వచ్చి, మా ఆయనను పక్కన పెట్టుకుని, నన్ను చూసి చూడనట్టుగా అడిగాడు. "అమ్మా, ఆడవాళ్లు మీ మాట వింటారు. మీరు ఇంటింటికీ వెళ్లి నచ్చజెప్పాలి. ఇది సర్కారు పని మాత్రమే కాదు, మీ అందరి పని కూడా."

నేను అత్త వైపు చూశాను. "పో బిడ్డా, మంచి మాటనే గద" అన్నదామె.

అబద్ధమెందుకు, నాకు చాలా గర్వంగా అనిపించింది. నాలుగు రోజులు వీధంతా తిరిగాను. ఒక్కో ఇంట్లో ఒక్కో సమస్య. మొగుడి పేరు పలకని వాళ్లకు పొరుగింటి వాళ్ల చేత చెప్పించే ఏర్పాటు చేశాను. ఫౌజు భయం ఉన్నవాళ్లకు అధికారి చెప్పిన మాటలన్నీ అప్పజెప్పాను. అన్నిటికంటే కష్టపడింది మా ఎదురింటామె దగ్గర. ఆమె రాయచూరు వైపు నుంచి వచ్చిన కోడలు, కంగారు పడితే మాటల్లో కన్నడం కలిసేది. ఇద్దరు పిల్లలు పోయాక పుట్టిన మూడో బిడ్డ ఆమె ఒళ్లో ఉంది.

"బేడమ్మా! ఇంకేమన్న చెప్పు చేస్త. నా కూసును లెక్కియ్యద్దు" అని బిడ్డ మీద కొంగు కప్పింది.

"నీ బిడ్డ ఈ ఊళ్లె ఉన్నదని రాస్తరు, అంతే. ఉన్నదని రాస్తే మంచిదే గద. ఉన్నది ఉన్నట్టు రాస్తరు. నా మీద నమ్మకం లేదా?" అన్నాను.

ఆమె నా ముఖం చూసి తలూపింది. ఆ తలూపు నా మీద నమ్మకంతో, పంతులు మీద కాదు. అందుకే తర్వాత జరిగింది నాకు అంత గట్టిగా తగిలింది.

పంతులు మళ్లీ వచ్చాడు. ఈసారి తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. మా ఇంటి వంతు వచ్చేసరికి పొద్దెక్కింది. మా ఆయన మగ్గం దిగి వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. పంతులు చాప మీద కూర్చుని పెద్ద కాగితాల పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయనకు రెండు మూరల దూరంలో మా అత్త రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. రాట్నం చప్పుడుకు పంతులు ఒకటి రెండు సార్లు గొంతు పెంచాల్సి వచ్చింది కూడా. పేర్లు, వయసులు, ఇంట్లో మాట్లాడే భాష, అన్నీ మా ఆయనను అడిగి రాసుకున్నాడు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

నేను మజ్జిగ తెచ్చి ఇచ్చాను. ఆయన పుస్తకం చాప మీద పెట్టి చెంబు అందుకున్నాడు. అప్పుడు వంగి చదివాను. మా ఆయన పేరు పక్కన "చీరల నేత". నా పేరు పక్కన "భర్త మీద ఆధారం". అత్త పేరు పక్కన "కొడుకు మీద ఆధారం".

"పంతులు సారూ, గిదేంది? అత్తమ్మకు పని లేదా?" అని అడిగేశాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. నాకు చదువొచ్చన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు. "ఇంట్ల ఆడోళ్లు చేసేది పనెట్లయితదమ్మా? నేసేది మీ ఆయన గద. మీరు జర ఆసరైతరు."

రాట్నం ఆగింది. "ఏం రాసిండే?" అని అత్త నన్ను అడిగింది. చదివి వినిపించాను.

ఆమె అరవలేదు. చేతిలోని కండెను పంతులు ముందు పెట్టి, "ఇది లేకుంట నా కొడుకు ఒక్క మూర నేస్తడేమో అడుగు సారూ. నేను వాని మీద ఆధారపడ్డనా, వాడు నా మీద ఆధారపడ్డడా?" అంది.

పంతులు నవ్వాడు. ఆ నవ్వే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "పెద్దమ్మా, ఇది గడి. ఇందుల ఏదో ఒకటి రాయాలె. గంతే" అని పుస్తకం మూసి లేచాడు.

నేను ఆ సాయంత్రం దాకా ఆగలేకపోయాను. పంతులు వెళ్లిన ప్రతి ఇంటికీ వెనకనే వెళ్లి ఆడవాళ్లను అడిగాను. ఎవరినీ పని గురించి అడగలేదు. వీధి వీధంతా ఆడవాళ్లు పనిలేని వాళ్లయ్యారు. పడుగు అతికీ అతికీ మెడలు పట్టేసినవాళ్లు, గంజిలో నాని చేతులు పాచిపోయినవాళ్లు, బాలింతలై వారం తిరగకుండానే రాట్నం ముందు కూర్చున్నవాళ్లు, అందరూ ఒకరి మీద బతికేవాళ్లయ్యారు. ఎదురింటామె అంతా విని, "ఉన్నది ఉన్నట్టు రాస్తరంటివి గద" అంది. కోపంగా కూడా అనలేదు.

ఇంటికి వచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "నువ్వు ముంగటనే కూసున్నవు. ఒక్క మాట చెప్పకపోతివి!"

"కాగితం మీద గీతకు ఇంత పరేషాన్ ఎందుకే? మా అమ్మ చేసే పని నాకు తెల్వదా?" అన్నాడు.

"నీకు తెలిస్తే ఆయనకెందుకు చెప్పలేదు?"

ఆయన లేచి మగ్గంలోకి దిగబోయాడు. అప్పుడు మా అత్త, కూరగాయలు తరుగుతున్నది తరుగుతూనే, "రేపటి సంది నేను కండెలు చుట్టను. పని లేనిదాన్ని గద" అంది.

తమాషాకు అన్నదనుకున్నాము. తెల్లవారాక ఆమె నిజంగానే అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఎదురింటామె చూసి, విషయం తెలుసుకుని, బిడ్డను చంకనేసుకుని వచ్చి మాతో కూర్చుంది. మధ్యాహ్నానికి వీధిలో సగం మంది ఆడవాళ్లు అరుగుల మీదే ఉన్నారు. వంట చేశాము, పిల్లల్ని చూసుకున్నాము. నూలును మాత్రం ముట్టలేదు.

నిండి ఉన్న కండెలు పూటలో అయిపోయాయి. మా ఆయన పట్టుదలకు పోయి తానే రాట్నం ముందు కూర్చున్నాడు. పోగు తెగింది. అతికాడు, మళ్లీ తెగింది. చుట్టిన రెండు కండెలూ వదులై నాడెలో చిక్కుపడ్డాయి. అంచు నాడె అందుకునే మనిషి అవతల ఎలాగూ లేదు. రెండో రోజు మిగతా ఆడవాళ్లూ చేరేసరికి మా వీధిలో మగ్గం చప్పుడే లేదు. అంత నిశ్శబ్దం నేను ఆ వీధిలో అంతకు ముందు వినలేదు.

మూడో రోజు ఆ రాత దిద్దించమని అడగడానికి మగవాళ్లే కచేరికి బయల్దేరారు. మా అత్త కొంగు నడుముకు చుట్టి, "మా సంగతి మీరేం చెప్తరు, మేమే వస్తం" అంది. ఆడవాళ్లం పదిహేను మందిమి వెళ్లాము. నేను కచేరి మెట్లెక్కడం అదే మొదటిసారి. కొంగు తల మీదకు లాక్కుని, మా వీధి మలుపులో ఉపన్యసించిన ఆ అధికారి ముందు నిలబడ్డాను. అన్నాను:

"మేము నిజం చెప్తే మీరు నిజం రాస్తమన్నరు. ఆ మాట నేను ఇంటింటికి మోసిన. మీ పంతులు మమ్మల్ని అడగనే లేదు."

ఆయన ముఖం చిట్లించి, అచ్చు వేసిన నిబంధనల పుస్తకం తెప్పించాడు. పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగి చదివాడు, మళ్లీ చదివాడు. తర్వాత పక్కనే కాగితాలతో నిలబడ్డ పంతులు వైపు తిరిగి, "ఇంటి వృత్తి పనిలో చెయ్యి కలిపేవాళ్లను కూడా అడగాలనే ఉంది కదయ్యా" అన్నాడు.

పంతులు నేల చూపులు చూశాడు. "ఆడోళ్లను అడుగుడెందుకని..." అని గొణిగాడు.

నిబంధన ఉంది. అచ్చులో ఉంది. అది లేకపోయి ఉంటే నా కోపం కొంత తగ్గేదేమో. ఉండి కూడా ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు. మమ్మల్ని బుజ్జగించి పిలవడానికి నన్ను ఇల్లిల్లూ తిప్పినవాళ్లకు మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగడానికి తీరిక లేకపోయింది.

మర్నాడు పంతులు మళ్లీ మా వీధికి వచ్చాడు. ఈసారి ఆడవాళ్ల ముందు కూర్చుని అడిగాడు. ఎదురింటామె తను చేసే పనులు ఒక్కొక్కటే చెప్తూ పోయింది. "గింత గడిల గంత పట్టదమ్మా" అని పంతులు వాపోయాడు. "అయితే గడి పెద్దగ గీసుకో సారూ" అందామె. అందరం నవ్వాము. పంతులు కూడా నవ్వాడు. మా అత్త పేరు పక్కన పాత మాటలు కొట్టేసి "చీరల నేతలో పని" అని రాశాడు. నేను చదివి వినిపించాక ఆమె లోపలికి వెళ్లి నూలు తీసింది.

పక్క వీధుల సంగతేమిటని అడిగాను. "వాళ్లు రాలేదు గదమ్మా" అన్నాడు పంతులు. వాళ్లు రాకపోతే అబద్ధం నిజమైపోతుందా? చుట్టుపక్కల పల్లెల్లో చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లంతా ఏ గడిలో పడ్డారో అడిగేవాళ్లెవరు?

రెండు నెలల తర్వాత వనపర్తిలో మా పుట్టింటికి వెళ్లాను. అక్కడా మగ్గమే. నేను వెళ్లేసరికి మా అమ్మ కండెలు చుడుతోంది. లెక్కల్లో అమ్మకు ఏం రాశారని అన్నను అడిగాను.

"ఆడోళ్లకు పనేమన్న ఉన్నదా అని ఇక్కడి పంతులు అడిగిండు. లేదన్న" అన్నాడు అన్న, మామూలుగా.

కనీసం అక్కడ అడిగారు! జవాబు చెప్పింది నా తోడబుట్టినవాడు. ఆ మధ్యాహ్నం అన్నతో పెద్ద గొడవ పడ్డాను. మా వీధిలో జరిగిందంతా చెప్పాను. ఆయన మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి అమ్మ చేతుల వైపు చూశాడు. "పోనియ్యి బిడ్డా, తిను" అని అమ్మ నా ముందు పళ్లెం పెట్టింది.

"మల్ల లెక్కలు వస్తయి గద. అప్పుడు సరిగ్గ చెప్త" అన్నాడు అన్న.

మళ్లీ లెక్కలు రావడానికి పదేళ్లు. అమ్మ అన్నాళ్లు బతకలేదు. చనిపోవడానికి రెండు రోజుల ముందు దాకా నూలు పని చేసింది. సర్కారు కాగితాల్లో మాత్రం ఆమె ఏ పనీ లేని మనిషి. ఆ కాగితం ఎక్కడుందో తెలిస్తే, వెళ్లి దిద్దాలని నాకు ఇప్పటికీ ఉంది.