టెర్మినల్ బాబాయి

టాక్సీ స్టాండులో అతన్ని అందరూ టెర్మినల్ బాబాయి అంటారు. మోచేతుల దాకా మడిచిన చొక్కా, మెడ వెనక చెమట పీల్చే రుమాలు. విమానాశ్రయానికి బేరం తగిలితే "ఏ విమానం, ఏ టెర్మినల్?" అని అడిగాకే కారు తీస్తాడు. దింపాక వెంటనే వెళ్ళడు. పోలీసు ఈల వేస్తున్నా, ఎక్కినవాళ్ళు లోపలికి వెళ్ళేదాకా అద్దం తుడుస్తున్నట్టు నటిస్తూ నిలబడతాడు.

మొన్న ఒకమ్మాయి ఎక్కింది. మొదటి ఉద్యోగం, మొదటి విమానం. "ఒక్కదానివే వెళ్ళలేవు, ఎక్కడ తడబడినా ఇంటికి లాక్కొచ్చేస్తా" అన్నాడట వాళ్ళ అన్నయ్య. "టికెట్టు చూపిస్తావామ్మా?" అని బాబాయి అడిగితే, "నాకు తెలుసులే బాబాయ్, మొదటి టెర్మినలే" అంది. తీరా తలుపు దగ్గర కాపలావాళ్ళు ఆపేశారు. టికెట్టు అమ్మింది ఒక కంపెనీ, విమానం నడిపేది ఇంకో కంపెనీ. అది రెండో టెర్మినల్లో ఉంది. ఆమె పాలిపోయిన మొహంతో తిరిగొచ్చేసరికి కారు అక్కడే ఉంది. "ఎక్కు తల్లీ" అన్నాడు, అంతే. రెండో టెర్మినల్లో తలుపు దాకా పెట్టె తనే మోశాడు. "ఇదేనమ్మా, ఇంకా టైముంది" అన్నారు అక్కడివాళ్ళు. అంతలో అన్నయ్య ఫోను. "ఇంకా బయటే ఉన్నావా? నేను ముందే చెప్పలా?" ఆమె ఫోను చెవిన పెట్టుకునే బాబాయి వైపు చూసింది. "డ్రైవరు దారి తప్పాడని చెప్పమ్మా" అన్నాడు బాబాయి మెల్లగా. ఆమె అలాగే చెప్పింది. అవతలి తిట్లు అతని దాకా వినిపించాయి. "బాగానే తిడతాడే మీ అన్నయ్య" అని నవ్వి, పెట్టె ఆమె చేతికిచ్చాడు.