అయిదింటి మగ్గం

ఉద్యోగం దొరికి ఊరు విడవబోతున్న ఆ రోజుల్లో, నన్ను చూసిన ప్రతివాళ్లూ అక్కడ తిండి ఎట్లా అని అడిగేవాళ్లు. నేనూ పుణెలో అన్నం దొరకదేమో అన్నట్టు మొహం పెట్టేవాడిని. వరంగల్ వదిలితే ఏమేం పోగొట్టుకుంటానో ఒక కాగితం మీద రాసుకున్నాను కూడా. అందులో మొదటిది కోట. (ఇరవై రెండేళ్లలో కోటకు వెళ్లింది రెండుసార్లు, అదీ చుట్టాలు వస్తే చూపించడానికి.) రెండోది చౌరస్తాలో మిర్చి బజ్జీ. మూడోది స్నేహితులు. వాళ్లలో సగం మంది నాకంటే ముందే పుణె చేరుకున్నారన్నది వేరే సంగతి. అసలు విషయం మాత్రం కాగితం మీద పెట్టలేదు, సిగ్గేసింది. నా ఫికరంతా నిద్ర గురించి.

మాది కాశిబుగ్గలో ఉమ్మడి వాకిలి. ఇటు మా ఇల్లు, అటు పెదనాయిన ఇల్లు, నా గది కిటికీ కింద ఆయన గుంట మగ్గం. తెల్లవారి అయిదు కాగానే ఆయన గుంటలోకి కాళ్లు దించి జంపఖానా నేయడం మొదలుపెట్టేవాడు. టక్, దబ్. టక్, దబ్. గల్లీ అంతా ఆ చప్పుడుకు లేచేది. నాకు అప్పుడే అసలు నిద్ర పట్టేది, ఎనిమిది దాకా కదిలేవాడిని కాదు. ఇంటర్వ్యూ కోసం హైదరాబాద్ లాడ్జిలో మూడు రోజులున్నప్పుడు, రోజూ అయిదింటికి కళ్లు తెరుచుకుని గోడను చూస్తూ కూర్చున్నాను. అదే మొహంతో వెళ్తే, పిల్లవాడు బాగా ఆలోచనాపరుడిలా ఉన్నాడని తీసుకున్నారు. జీవితాంతం అట్లా ఆలోచించే ఓపిక నాకు లేదు.

అందుకని రైలెక్కే రోజు పొద్దున, ఆ చప్పుడును ఫోన్‌లో పట్టుకుపోదామనుకున్నాను. పెదనాయినకు ఉన్న మాట చెబితే అయిపోయేది. కానీ ఇంజనీరింగ్ పాసైనవాడు వెళ్లి, నీ మగ్గం ఆడకపోతే నాకు నిద్ర రాదని పెద్దమనిషితో ఎట్లా అంటాడు? కుక్కర్ కూతలూ, నల్లా దగ్గర కొట్లాటలూ మధ్యలో పడకుండా ఉంటే చాలనుకుని పెద్దమ్మ ఒక్కదానికే చెప్పాను. "ఫోన్‌ల రికార్డింగ్ పెడుతున్న పెద్దమ్మా, ఒక గంట సేపు వాకిట్ల చప్పుడు కాకుండ చూడు." ఆమె సరే బిడ్డా అంది. మగ్గం ఆడుతూనే ఉంది. ఫోన్ కిటికీలో పెట్టి, సూట్‌కేసుకు తాళం కొనడానికి బజారుకు పోయాను. తిరిగొచ్చేసరికి పెదనాయిన అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. పాపం అలసిపోయాడనుకుని, ఫోన్ జేబులో వేసుకున్నాను. వినే తీరిక లేదు. సూట్‌కేసులో నా బట్టలు పడతాయా సకినాలు పడతాయా అని అప్పటికే ఇంట్లో పెద్ద చర్చ నడుస్తోంది. (సకినాలు పట్టాయి.)

పుణెలో మొదటి తెల్లవారి, అనుకున్నట్టే అయిదింటికి కళ్లు తెరుచుకున్నాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని హాయిగా పడుకున్నాను. టక్, దబ్. టక్... ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. మా వాకిలి అంత నిశ్శబ్దంగా ఉండడం నేను పుట్టాక ఎరుగను. పెద్దమ్మ ఏ పని ఒప్పుకున్నా సగంలో వదిలే మనిషి కాదు. చాలాసేపటికి ఒక దగ్గు వినిపించింది, వెంటనే పెద్దమ్మ గుసగుస.

"జర మెల్లగ దగ్గు. పిలగాడు రికార్డింగ్ పెట్టుకున్నడు."

"ఏం రికార్డింగట?"

"కంపెనీకేమో. ఇంట్ల నుంచి గూడ పని చెయ్యాలంటరు గద. మన ఇల్లు నిమ్మలంగ ఉన్నదా లేదా అని చూస్తరు గావచ్చు."

పెదనాయిన గొంతు ఇంకా తగ్గించాడు. గుసగుస ఫోన్‌లోకి ఎక్కదన్న నమ్మకంతో మెల్లగా అన్నాడు. "తొట్టెల్ల ఉన్నప్పుడు మగ్గం ఆగితె సాలు, లేచి ఏడ్సేటోడు. వాని కోసమే గద అయిదింటికి గుంటల దిగుడు మొదలువెట్టిన."

"ఇగ రేపటి సంది?"

"ఏడింటికి లేస్త. మోకాళ్లకు గూడ మంచిదే."

ఆ మోకాళ్ల మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడో, ఎన్నిసార్లు విన్నా నాకు మాత్రం అంత మామూలుగా వినపడలేదు. ఇరవై రెండేళ్లు నేను పండుకోవడానికి ఇంకో మనిషి లేచాడన్నమాట. ఆ పొద్దున ఆఫీసులో మొదటి రోజు. మళ్లీ అందరూ నన్ను ఆలోచనాపరుడనే అనుకున్నారు.

దసరాకు ఇంటికి వచ్చాను. మరుసటి తెల్లవారి సరిగ్గా అయిదింటికి కిటికీ కింద, టక్, దబ్. నా ఒళ్లు వెంటనే నిద్రలోకి జారబోయింది, దానికి బుద్ధి లేదు. బలవంతంగా లేచి కిందికి దిగాను. ఆయన గుంటలో కూర్చుని, ఒక చేత్తో మోకాలు ఒత్తుకుంటూ నేస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపాడు.

"ఏమైంది బిడ్డా? చప్పుడుకు నిద్ర చెడిందా?"

ఆ ప్రశ్న అడగడానికి ఆయనకు ఇరవై రెండేళ్లు పట్టింది. జవాబు నేను దారిలోనే, రైల్లో, ఎన్నోసార్లు అనుకుని పెట్టుకున్నాను.

"అవు పెదనాయినా. అక్కడ నిమ్మలంగ పండుకునుడు అలవాటైంది. జర లేటుగ మొదలుపెట్టు."

ఆయన మొహం కొంచెం చిన్నబోయింది. దాన్ని మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. సరే తీ అని, గుంట అంచు పట్టుకుని పైకి లేవబోతే చెయ్యి అందించాను. మర్నాటి నుంచి మగ్గం ఏడింటికి మొదలైంది. ఆ సెలవులన్నీ రోజూ అయిదు నుంచి ఏడు దాకా నేను కళ్లు తెరుచుకుని, వాకిలి అవతల నుంచి వచ్చే ఆయన గురక వింటూ పడుకున్నాను. అది మగ్గం అంత లయగా ఉండదు.

ఆ గంట రికార్డింగ్ ఇప్పటికి మూడు ఫోన్లు మారి నాతోనే ఉంది. ఒక్కోసారి అయిదింటికి మెలకువ వస్తే పెట్టుకుంటాను. మా ఇంటామె ఒక ఇయర్‌ఫోన్ తీసి చెవిలో పెట్టుకుని, ఇందులో ఏమీ లేదు కదా, ఏం వింటున్నావని అడుగుతుంది. మా పెదనాయిన మగ్గం, అంటాను. ఆమె జాలిగా చూసి అటు తిరిగి పడుకుంటుంది. నేనూ పడుకుంటాను. ఆ దగ్గు వచ్చేసరికి నాకు నిద్ర పట్టేసి ఉంటుంది.