పడిపోయే మాస్టారు

సైన్సు మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు, పడిపోవడం. మూర్ఛా కాదు, రక్తపోటూ కాదు. ఆపదొస్తే ఏం చేయాలో బడి సిబ్బందికి నేర్పే బాధ్యత ఆయనది. అందుకని మెట్ల మీద, వరండాలో, ఆఫీసు గుమ్మంలో చెప్పాపెట్టకుండా దబ్బున పడేవారు. పడి, ఒక కన్ను తెరిచి, "ఊఁ, ఇప్పుడేం చేస్తారు?" అనేవారు.

అందరికన్నా హడలిపోయింది లెక్కల టీచరు. శిక్షణ మొదలైన రోజే చేతులు వణికి, రోగిగా పడుకున్న మాస్టారి చేతికి కట్టబోయిన కట్టులో తన చెయ్యి కూడా కలిపి కట్టేసుకుంది. ఆ సాయంత్రమే హెడ్మాస్టరు దగ్గరికెళ్లింది.

"నన్ను తీసేయండి సార్. నిజంగా ఏదైనా జరిగితే కొయ్యబారిపోతాను. నా చేతుల్లో ఓ పిల్ల ప్రాణం పోతుంది."

ఆయన సరేననబోయారు. సైన్సు మాస్టారే అడ్డుపడ్డారు. "కొన్నాళ్లు ఉండనివ్వండి సార్."

అక్కణ్ణుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఏ మలుపు తిరిగినా ఆయన నేలమీదే ఉండేవారు. ఓ రోజు స్టాఫ్‌రూములో బిస్కెట్టు నములుతూ గొంతు పట్టుకున్నారు.

"నీళ్లు... నీళ్లివ్వనా?"

"ఊపిరాడనివాడికి నీళ్లా? చంపేశారు. మళ్లీ!" అన్నారు చచ్చిన మాస్టారు.

ఈసారి ఆయన్ని ముందుకు వంచి, భయంభయంగా వీపు తట్టింది.

"జోకొడుతున్నారా తల్లీ? నిద్రొస్తోంది. గట్టిగా చరచండి, వీపున రెక్కల మధ్య!"

ఓ మధ్యాహ్నం ఆరో తరగతిలో ముందు బెంచీ పిల్ల పెన్ను మూత కొరుకుతూ పకపకా నవ్వింది. నవ్వు ఠక్కున ఆగిపోయింది. గొంతు పట్టుకుంది, కళ్లు వెళ్లుకొచ్చాయి.

"దగ్గమ్మా, దగ్గు!" అంది టీచరు. దగ్గు కాదు కదా, గాలి కూడా రాలేదు. పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి.

"ఆఫీసుకి పరిగెత్తు, అంబులెన్సుకి ఫోన్ చేయమను!" అని టీచరు క్లాసు లీడరుకి అరిచి చెప్పి, వణికే చేతుల్తోనే పిల్లను వంచి వీపు మీద చరిచింది. ఏమీ రాలేదు. మళ్లీ చరిచింది. మళ్లీ, ఉన్న బలమంతా కూడగట్టి.

మూత ఎగిరి బెంచీ కింద పడింది. పిల్ల బావురుమంది. ఆ ఏడుపంత కమ్మటి శబ్దం టీచరు జన్మలో వినలేదు. విని, తనూ కూలబడి ఏడ్చింది.

ఆయా వచ్చి టీచర్ని లేవదీసింది. "ఆ మాస్టారి నడుం పుణ్యమా అని గండం గడిచింది."

"నడుమేంటి?"

"మాకు తలా ఒక్కసారే పడ్డారమ్మా. తక్కిన పడడాలన్నీ మీకోసమే! మీరు రావడం ఆలస్యమైతే గోడకి జారబడి ఉండేవారు. మీ అడుగుల చప్పుడు వినగానే దబ్బుమనేవారు. ఇంటికెళ్లి నడుముకి కాపడం."

టీచరు తిన్నగా ఆయన దగ్గరికెళ్లింది. ఆయన నడుం పట్టుకుని కుర్చీలోంచి లేవబోతున్నారు.

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా మాస్టారూ?"

"చెబితే ఇంకా కంగారు పడతారని..." అని నసిగారు. "మీ కంగారు పోదులెండి. అది ఉండగానే చేతులాడాలి. ఇవాళ ఆడాయిగా!"

"ఇకమీదట పడకండి."

"ఎలా కుదురుతుందమ్మా? రేపు కొత్త డ్రాయింగు టీచరు చేరుతోంది. రక్తం పేరెత్తితేనే కళ్లు తిరుగుతాయట."

లెక్కల టీచరు ఆయన్ని భుజం పట్టి మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది.

"మీరు కూర్చోండి. రేపు నేను పడతాను."