పెద్దరైతు గేటు ముందు

డిగ్రీ రెండో సంవత్సరంలో మా నంద్యాల కాలేజీ నుంచి ఇరవై మందిమి ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెకు వారం రోజుల సేవా శిబిరానికి పోయినాం. బస్సు దిగంగానే మా మేడం నన్ను పిలిచి, "ఈ వారం నువ్వే లీడరు" అనింది. క్లాసులో పేరు పిలిస్తే పలకడానికే గొంతు పెగలని పిల్లను నేను. వద్దని చెప్పడానికి కూడా భయమేసి తలూపినా.

పల్లె చివర కాలనీలో మురుగునీళ్లు ఇండ్ల గడపల దాకా నిలబడి ఉన్నాయి. ఇంటికొకరు జ్వరంతో పడుకొని ఉన్నారు. రెండు రోజులు పారలతో కాలువ పూడిక తీసినాం. నీళ్లు కదల్లేదు. మూడో రోజు కాలువ వెంబడి కిందిదాకా నడిస్తే తెలిసింది. ఊళ్లో పెద్దరైతు ఒకాయన తన చేలోకి ట్రాక్టర్ పోవడానికి కాలువకు అడ్డంగా రాళ్లు, మట్టి పోయించి దారి చేసుకున్నాడు.

కాలనీలో ఒకామెను అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. "మాకు తెల్దా పాపా? ఆయప్పను అడిగేదెవురు? ఆయప్ప చేన్లోకే కూలికి పోతాండాం."

పెద్దరైతు ఇంటికే పోయి అడుగుదామనుకున్నాం. మేడం నా వెంట వస్తానంది. "మాట్లాడేది మాత్రం నువ్వే" అనింది. మరుసటి పొద్దున నాకు ముద్ద దిగలేదు. ఆ వైపు పెద్దిండ్ల కక్షలు, కొట్లాటల గురించి చిన్నప్పటి నుంచి విన్న మాటలన్నీ ఆయన ఇంటి గేటు ముందే గుర్తుకొచ్చినాయి.

ఆయన వరండాలో కూర్చొని ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తకుండానే "ఏందీ?" అన్నాడు.

"కాలువలో రాళ్లు తీయాల సార్."

"ఎవురు పంపినారు? కాలనీవోళ్లా?"

అసలు భయం అప్పుడు పుట్టింది నాకు. వారం కాంగానే మేం బస్సెక్కి పోతాం. నేను నోరు జారితే కూలి పోయేది కాలనీవాళ్లకు. "ఎవురూ పంపలా. మేమే చూసినాం" అన్నా. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నాడు. చెప్పినా.

"తీస్తే నా ట్రాక్టర్ యాడ పోవాల?"

వెనక్కి చూస్తే మేడం నువ్వే చెప్పన్నట్టు గడ్డం ఎగరేసింది. "సిమెంటు తూములేస్తే కింద నీళ్లు పోతాయ్, పైన ట్రాక్టర్ పోతాది. పని మేం చేస్తాం" అనేసినా. తూములెట్లా వేస్తారో నాకు తెలియదు.

ఆయన ఫోన్ పక్కన పెట్టినాడు. "తూములు నేను తెప్పిస్తా. కుంగితే మళ్లా మట్టి పోయిస్తా."

కాలనీలోని ఒక మేస్త్రీ దగ్గరుండి చూపిస్తే రెండు రోజుల్లో తూములు కూర్చోబెట్టినాం. మొదటిసారి ట్రాక్టర్ పైనుంచి పోయేటప్పుడు నేను కళ్లు మూసుకున్నా. తూములు కుంగలేదు. సాయంత్రానికి నీళ్లు కదిలినాయి.

తిరిగొచ్చినాక కూడా నెల రోజులు కాలనీలో ఆమెకు ఫోన్ చేసి అడిగేదాన్ని, పెద్దరైతు పనికి పిలుస్తున్నాడా అని. "పిలుస్తాండాడు పాపా, నువ్వు అన్నం తిను" అనేది.

మరుసటేడు శిబిరానికి లీడరు ఎవరని మేడం అడిగింది. చెయ్యెత్తినా. భయమైతే అప్పుడూ పోలేదు.