పడవ అడుగున బెజ్జం

ఉన్న ఒక్క పడవకూ అడుగున బెజ్జం పెడతానని మా ఆయన అన్నరోజు మా అత్త అన్నం ముట్టలేదు.

అది ఎనభయ్యో దశకం. మా రేవు పడవలు సముద్రంలోకి వెళ్ళాలంటే ఏరు వచ్చి కలిసే మొగ దాటాలి. అక్కడి ఇసుక మేట గాలివాన వచ్చినప్పుడల్లా చోటు మారేది. తాడుకు ఇనపగుండు కట్టి లోతు చూసేలోపే పడవ మేటెక్కేది. అంతకుముందు చలికాలం మాది అలాగే ఎక్కి, పక్కపలకలు రెండు చీలాయి. ఇంకోసారి ఎక్కితే పడవ మిగలదు. అందుకే లోతు చూసే మిషను పెట్టిద్దామన్నాడాయన. అది నీళ్ళ అడుగుకు శబ్దం పంపుతుందట, ఆ శబ్దం తిరిగొస్తే గుండ్రటి అద్దంలో లోతు చెప్పే గీత దగ్గర లైటు వెలుగుతుందట. శబ్దం పంపే ముక్క మాత్రం పడవ కింద నీళ్ళకు తగిలేలా ఉండాలి.

"తల్లి కడుపుకు బెజ్జం పెడతావంట్రా?" అంది అత్త.

"బెజ్జం కాదే అమ్మా, కన్ను."

"అడుగున కన్నున్నదాన్ని యాడ సూశావురా?"

నాకు నవ్వాగలేదు.

ఆటు సమయంలో పడవను ఇసుకమీద పక్కకు ఒరిగించారు. చీరాల నుంచి వచ్చిన మెకానిక్కు బెజ్జం వేసి, ఆ ముక్కను కింద నుంచి దూర్చి, లోపల నట్టు బిగించాడు. దాని చుట్టూ సందులో కూరడానికి వత్తులు చేసింది నేనే. పర్చూరు దగ్గర మా పుట్టింటి చేలో పండిన పత్తి, కాచిన గుగ్గిలంలో ముంచి ఇచ్చాను. మెకానిక్కు బ్యాటరీ తేవడానికి వెళ్ళాడు. ఈలోపు మా ఆయన అడుగంతా తారు పూశాడు. పడవను నీళ్ళలోకి దించేముందు వేలెడు చోటైనా వదలకుండా పూయడం మా రేవు పద్ధతి.

పోటు వచ్చి పడవ తేలింది. నేను లోపల కూర్చుని నట్టు మీద అరచెయ్యి పెట్టాను.

"నీళ్ళొచ్చినయ్యా?" ఒడ్డునుంచి అత్త కేక.

"రాలేదత్తా!"

"కొంగుతో తుడిచి మళ్ళీ సూడవే!"

తుడిచి చూశాను. పొడిగానే ఉంది. కానీ మెకానిక్కు బ్యాటరీ తెచ్చి తగిలిస్తే, మిషనులో లైటు కిందికి జారకుండా పైనున్న మొదటి గీత దగ్గరే నిలిచిపోయింది. అతను వైర్లన్నీ తడిమాడు.

"కింద ఏమన్నా పూశారా?"

"తారండీ. దిట్టంగా రెండు పూతలు," అన్నాడు మా ఆయన.

"ఆ ముక్క మీద కూడానా?"

"వదుల్తామా మరి!"

మెకానిక్కు నెత్తి కొట్టుకున్నాడు. "కాటుక పెట్టబోయి కన్నే మూసేశారు గదండీ! చెక్కపేడుతో గీకండి, గీత పడకూడదు!"

మా ఆయన దూకాడు. మూడు మునకలు వేసి, ముక్కుకు తారుతో పైకి తేలేసరికి లైటు గబుక్కున కిందికి జారింది. గుండు వేసి చూస్తే రెండున్నర బారలు. మిషనూ అంతే చెప్పింది. ముగ్గురం ఒకేసారి అరిచాం.

ఆగలేక అప్పుడే తెరచాప ఎత్తాం. అంకెలు నాకప్పటికి రావు. "లైటు పైకెక్కితే లోతు తగ్గినట్టమ్మా," అన్నాడు మెకానిక్కు. చాప తాడు మెకానిక్కే పట్టుకున్నాడు, చుక్కాని మా ఆయన దగ్గర, మిషను ముందు నేను. మొగలో లైటు పైకెక్కడం మొదలెట్టింది.

"తగ్గుతోంది మావా, తిప్పు!"

"ఏ పక్కకే?"

"ఎడంపక్కకి తిప్పి చూడు! ఇంకా... ఇంకా... ఆఁ, దిగుతోంది, దిగుతోంది!"

కుడిపక్కన మేట మీద అల విరిగి నురగలు లేచాయి. మా పడవ దాని పక్కనుంచే, అడుగు ఎక్కడా గీసుకోకుండా సముద్రంలోకి పోయింది.