ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డికి, ఒక టర్కీ పాస్‌పోర్టు కోసం

మధ్యాహ్నం పన్నెండు పదికి ఇస్నాపూర్ చౌరస్తాలో సంగారెడ్డి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. సీటు మాత్రం రుద్రారం దాకా దొరకలేదు.

ఈ ప్రయాణానికి కారణం మెహ్మెత్ గారు. మా ఫ్యాక్టరీలో కొత్త ప్యాకింగ్ మెషిన్ బిగించడానికి టర్కీ నుంచి వచ్చిన ఇంజనీరు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. స్టోర్స్ చూసేది నేను కాబట్టి, ఏ బోల్టు ఎక్కడుందో చెప్పడానికి ఫోన్లో రెండు వారాలు టర్కీ భాష నేర్చుకున్నాను. 'అల్తిందా' అంటే కింద, 'ఉస్తుందే' అంటే మీద, 'యనిందా' అంటే పక్కన. మనలాగే వాళ్లూ ముందు బల్ల అని, తర్వాత మీద అంటారు. నాకు వచ్చేసిందనే అనుకున్నాను.

ఆ రోజు మూడింటికి ఆయన విమానాశ్రయానికి బయల్దేరాలి. మర్నాడు టర్కీలో కూతురి నిశ్చితార్థం. తీరా చూస్తే జేబులో పాస్‌పోర్టు లేదు. సంగారెడ్డిలో తను దిగిన లాడ్జి గదిలో దిండు కింద ఉందన్నారు. ట్రయల్ రన్ వదిలి ఆయన కదలలేరు. ఆయన మాట అర్థమైంది నాకొక్కదానికే కనక నన్ను పంపారు.

బస్సులో మాటలు వల్లె వేసుకుంటుంటే పక్కనున్న పెద్దావిడ నా మోచెయ్యి తట్టింది.

"తిందా, ఒస్తుందే అంటున్నవ్, ఎవలు తిన్నరు బిడ్డా? ఏమొస్తది?"

"టర్కీ భాషమ్మా. మంచం కింద, బీరువా మీద, అలాంటివి."

"మంచం కింద ఏమున్నదో సూస్కోనీకి గంత దూరపు భాష ఎందుకు బిడ్డా?"

పన్నెండు యాభైకి సంగారెడ్డి చౌరస్తాలో దిగి, పక్క సందులోని లాడ్జికి పరిగెత్తాను. మేనేజర్ గది తెరిచాడు. దిండు కింద ఏమీ లేదు. ఫోన్ చేశాను.

"యనిందా! యనిందా!" అని అరిచారు మెహ్మెత్ గారు.

మంచం పక్కన చూశాను. బీరువా పక్కన, టీవీ పక్కన చూశాను.

"బాత్రూంల బకెట్ పక్కన గూడ సూస్తరా మేడం?" అన్నాడు మేనేజర్. అదీ చూశాను.

చివరికి ఫోన్ మా ఆపరేటర్ యాదయ్య చేతికి వచ్చింది. టర్కీ ముక్క రానివాడు.

"మేడం, సారు మీ కుర్చీ దిక్కు ఏలు సూపిస్తున్నడు. పొద్దున ఫైలిచ్చిండట గదా, గండ్లనే ఉన్నదట. మీ సంచి సూడుండ్రి జెర."

చాయ్ తాగుతూ ఆయన ఇచ్చిన డ్రాయింగుల ఫైలు నా భుజాన ఉన్న సంచిలోనే ఉంది. విప్పితే కాగితాల మధ్య పాస్‌పోర్టు! 'యనిందా' అంటే 'దాని పక్కన' అనే కాదట, 'నీ దగ్గర' అని కూడానట. ఆ పాఠం దాకా నేను పోలేదు. మేనేజర్ నవ్వు మెట్లు దిగేదాకా వినిపించింది.

ఒకటిన్నర బస్సులో ఆ సంచిని చంటిపిల్లలా హత్తుకుని నిలబడే తిరిగొచ్చాను. రెండుంబావుకు గేటు దగ్గరే ఎదురొచ్చిన మెహ్మెత్ గారు పాస్‌పోర్టును కళ్లకద్దుకుని, యాదయ్యను వాటేసుకున్నారు. మూడింటికి కారు కదిలింది.

సాయంత్రం బీరంగూడకు ఇంటికి వెళ్తుంటే పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. నన్ను తీసుకెళ్లడానికి బండి మీద ఎదురొచ్చిన మావారు ఫోన్ చేశారు.

"ఎక్కడున్నావ్?"

"బస్సులో."

"బస్సెక్కడుంది?"

"లారీ వెనక."

"ఏ లారీ?"

కిటికీలోంచి చూశాను. ముందు లారీ, పక్కన లారీ, వెనక లారీ.

"మీరెక్కడున్నారో చెప్పండి, నేనే వస్తా."

"బేకరీ ఎదురుగా."

దిగి చూస్తే రోడ్డుకు అటొక బేకరీ, ఇటొక బేకరీ. మెహ్మెత్ గారైనా ఎక్కాల్సిన విమానమే ఎక్కి ఉండాలని దండం పెట్టుకుని, అటువైపుకు రోడ్డు దాటాను. మావారు నేను బస్సు దిగిన వైపే ఉన్నారు.