రూతు పొడుగు చేతుల గౌను

తడిపిన నూలుబట్ట మీద కాలిన ఇస్త్రీపెట్టె ఆనగానే లేచే ఆవిరి వాసన చాలామందికి ఇష్టమట, శుభ్రంగా ఉంటుందట. ఏలూరులో మా వీధి మలుపులో ఇస్త్రీ బండి ఉంది, పొద్దున్నే ఆ వాసన వీధంతా కమ్ముతుంది, నేను మాత్రం నాలుగిళ్లు చుట్టు తిరిగైనా వేరే దారినే బడికి వెళ్తాను. టీచరమ్మకి ఇదేం చాదస్తమండీ అని ఆ ఇస్త్రీ ఆయన ఒకసారి నవ్వాడు. చాదస్తమే అనుకోనివ్వండి.

మాది మండవల్లి దాటాక కొల్లేరు అంచున ఉన్న చిన్న ఊరు. ఎటు చూసినా చేపల చెరువులు, మధ్యలో ఒక్క బండి పట్టే గట్లు, వానాకాలం వస్తే ఏది గట్టో ఏది చెరువో తెలియని నీళ్లు. నాన్న తెల్లారకముందే పడవేసుకుని చెరువు మధ్య పాతిన గెడలకు చేపల మేతకని తవుడు సంచులు కట్టి వచ్చేవాడు, ఆయన లుంగీలోనూ తలగుడ్డలోనూ ఆఖరికి ఆయన తాగిన గ్లాసులోనూ పులిసిన తవుడు వాసనే. మందులు చల్లిన నీళ్లలో దిగీ దిగీ మోకాళ్ల కింద ఎర్రగా దద్దుర్లు తేలితే, అరుగు మీద కూచుని కొబ్బరి పీచుతో గోక్కుంటూ ఉంటే, అమ్మ కొబ్బరినూనె రాస్తూ తిట్టేది. మాకూ దద్దుర్లకు కొదవ లేదు, కాకపోతే మావి దోమలు పెట్టినవి. నా చెల్లెలు రూతు తన దద్దు మీదా నా దద్దు మీదా బొటనవేలి గోటితో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత నొక్కి, శిలువ వేశాను ఇక దురద పోతుంది అనేది. పోయేది కాదు, అయినా వేయించుకునేదాన్ని. దానికి ఎనిమిదేళ్లు, నాకు పదకొండు.

అమ్మ బట్టలు కుట్టేది. క్రిస్మస్ నెల వచ్చిందంటే మంచం మీద, దండెం మీద, బియ్యం డ్రమ్ము మీద అంతా పైవాళ్ల గౌన్లే, మేము కజ్జికాయలు నములుతూ ముక్కలు ఏరుకుని బొమ్మలకు చీరలు కట్టేవాళ్లం. అమ్మ కుట్టు పేరు అంచుల్లోనే. గౌను తిరగేసి చూస్తే ఏది లోపలో ఏది బయటో చెప్పలేరు. "పై కుట్టు మనుషులు చూత్తారే, లోపలి కుట్టు దేవుడు చూత్తాడు" అని, వంకరపోతే నిర్దాక్షిణ్యంగా విప్పేసేది. మా గుడిలో ప్రభువు రొట్టె పెట్టే బల్ల మీద పరిచే తెల్లగుడ్డకి అంచు కుట్టింది కూడా అమ్మే, ఆ గౌరవం మా ఇంట్లో అందరికీ ఉండేది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక రూతు కళ్లు పచ్చబడ్డాయి. అన్నం చూస్తే వాంతి, నడిస్తే ఆయాసం. "కామెర్లకి డాక్టర్ల దగ్గర మందు లేదే, వాత ఏయించాలి" అంది మామ్మ, నాన్నకు అమ్మ. ఆ మాట మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. పెంటపాడు దగ్గర ఒక పెద్దాయన వాత వేసి పసరు పోస్తాడని, ఆదివారం మాత్రమే ఇస్తాడని తెలిసింది. ఆదివారం అంటే గుడి ఎగ్గొట్టాలి. నాటువైద్యాల జోలికి పోవద్దని పాస్టరుగారు ప్రసంగంలో ఒకటికి రెండుసార్లు చెప్పి ఉన్నారు కూడా. పిల్లకి ఒంట్లో బాగోలేదని కబురు పెట్టి, అమ్మా నేనూ రూతూ తాడేపల్లిగూడెం బస్సెక్కాం.

ఆ పెద్దాయన చెడ్డవాడని చెప్పడానికి నాకు నోరు రాదు. ఒక్క రూపాయి ముట్టుకోలేదు, రూతును బంగారుతల్లీ అని పిలిచాడు. కుంపట్లో సన్నటి ఇనప చువ్వ కాల్చి, ఎడమ మణికట్టు మీద ఆనించి తీసి, వెంటనే తడిపిన నూలుగుడ్డ అద్దాడు. ఆవిరి లేచింది. దాని కాళ్లు పట్టుకున్నది నేనే. పసరు మజ్జిగలో తాగించి, ఉప్పూ నూనె తగలనివ్వొద్దన్నాడు, ఇది పడ్డాక సూదిమందు పడకూడదు, రెండూ ఒంట్లో కొట్టుకుంటాయన్నాడు.

చింతగింజంత వాత. గుడివాళ్లు చూస్తే? ఇంటికి రాగానే అమ్మ మిషను ముందు కూచుని, క్రిస్మస్‌కని దాచిన నీలం గుడ్డతో రూతుకు మణికట్టు దాకా చేతులున్న గౌను కుట్టింది. చేతుల చివర రెండు మడతల పట్టీ, పైకి జరగకుండా బిగుతుగా. నా జన్మలో అంత చక్కటి కుట్టు చూడలేదు, అంత పాపిష్టి కుట్టూ చూడలేదు. ఆ పట్టీ వాతను ఒరుసుకుని ఒరుసుకుని చీము పట్టించింది, చుట్టూ చర్మం తాడు చుట్టినట్టు ఉబ్బింది. నొప్పి అని రూతు అంటే, "వాత పండితేనే కామెర్లు దిగుతాయంట" అనేది మామ్మ. తొమ్మిది రోజులు చప్పిడి గంజి పోశాం. పదోరోజు అది నన్ను గుర్తుపట్టక, నాన్నా అని నన్ను పిలిచింది.

ఏలూరు వెళ్లే బస్సులో అమ్మ నా చెవిలో ఒకటే మాట. "వాత సంగతీ పసరు సంగతీ ఎవరితో అనకు. అంటే సూది వెయ్యరు, తిట్టి పంపేత్తారు. పాస్టరుగారికి తెలిత్తే నే తలెత్తుకోలేను. నా తల్లివి కదే." సూది పడకూడదన్న భయం ఒక పక్క, పడకపోతే పిల్ల దక్కదన్న భయం ఒక పక్క.

ఆసుపత్రిలో కుడిచేతికి సెలైను పెట్టారు. చీటీ రాసిస్తే అమ్మ మందుల కొట్టుకు పరిగెత్తింది. నాన్న రాత్రికి గాని రాడు. మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. డాక్టరుగారు వచ్చారు, కసురుకునే మనిషి కాదు, వంగి నా కళ్లలోకి చూసి అడిగారు.

"ఏమ్మా, ఇంటి దగ్గర పసరు మందు గాని, వాతలు గాని ఏమైనా వేయించారా? భయపడకు, ఎవర్నీ ఏమీ అనను. తెలిస్తే నాకు మంచిది."

"లేదండీ" అన్నాను. అని, దుప్పటి సర్దుతున్నట్టు రూతు ఎడమచెయ్యి పట్టుకుని, ఆ నీలం పట్టీని వేళ్ల దాకా లాగాను. ఆయన పక్క మంచానికి వెళ్లిపోయారు.

మూడోరోజు మధ్యాహ్నం రూతు పోయింది. చెప్పి ఉంటే బతికేదో లేదో నాకు తెలీదు, తెలుసుకునే దారీ లేదు. ఆ గౌనుతోనే సమాధి చేశాం. అప్పుడు కూడా అమ్మ ఆ గౌను చేతులు పైకి మడవనివ్వలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో మాకేం లేదు. నాన్న పనిచేసిన చెరువు గట్లు కొన్నేళ్లకు సర్కారువాళ్లు తవ్వేశారు, నాన్నా మామ్మా పోయారు, పెంటపాడు పెద్దాయన కూడా పోయాడట. అమ్మ ఆ గౌను తర్వాత ఇంకొకరికి కుట్టలేదు, మిషను పాత సామాన్లకు పోయింది. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఏడాదికొకసారి షుగరు పరీక్షకు తీసుకెళ్తే, అడిగినా అడక్కపోయినా నర్సమ్మలకీ, మందుల కొట్టువాళ్లకీ, వరసలో పక్కన కూచున్నవాళ్లకీ అన్నీ విప్పి చెబుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా ఆపదు. మొన్న కూడా రక్తం తీసే అమ్మాయి చెయ్యి పట్టుకుని అంది.

"తప్పు నాదేనండీ. కానీ ఆ డాక్టరుగారు ఒక్కసారి అడిగుంటే కాళ్ల మీద పడి చెప్పేసేదాన్నండీ. పాపం ఆయనకేం తెలుసు, అడగనే లేదండీ."

నేను పక్కనే నిలబడి అమ్మ సంచి పట్టుకున్నాను. ఆయన అడిగారు. ఆ మాట అమ్మతో అనడానికి ఇన్నేళ్లలో నాకు నోరు పెగల్లేదు. ఇవాళ ఇక్కడ రాశాను, అదీ అమ్మకు చదవడం రాదు కాబట్టి.